నీటికింది జమాఖర్చు: ఒక తేటగీతికి టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

పూర్వం కావ్యం రాసేవాడు ఒకడు, టీక రాసేవాడు మరొకడు. ఇద్దరి నడుమ కొన్ని వందల ఏళ్లు ఉండేవి, అందువల్ల తగాదాలు ఉండేవి కావు. ఇప్పుడు అంత వ్యవధి ఎవరికుంది? ఈ పద్యమూ నాదే, టీకా నాదే. కవిహృదయం ఏమై ఉంటుందని వ్యాఖ్యాత తల గోక్కోనక్కర లేకపోవడం ఇందులో లాభం. పద్యం బాగుందని మెచ్చుకోవలసినవాడూ నేనే కావడం నష్టం. కొలచాల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాస్తూ ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. రెండో సగానికి కూడా కట్టుబడితే ఈ వ్యాసం ఇక్కడే అయిపోతుంది.

పద్యం పుట్టిన సందర్భం చెప్పాలి. మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. స్నేహితులతో అండమాన్ వెళ్లి, హేవ్‌లాక్‌లో (2018 చివరి నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్) ఒకసారి స్కూబా దిగి వచ్చాడు. ఒడ్డుకు చేరింది ఒళ్లు మాత్రమే. "మామా, ఇంగ బాడుగ సామాన్లతో పని ల్యా. సెట్టంతా కొనేస్తా. లక్షన్నర అయితాది, ఈఎంఐ పెట్టుకుంటా" అన్నాడు ఫోనులో. ఆ వెనకనే అక్క ఫోను: "రేయ్, ఆ దుడ్లతో మిద్దె మీద రేకుల షెడ్డన్నా ఏసుకోవచ్చు గదరా. నువ్వయినా చెప్పు వాడికి." గద్యంలో చెబితే వాడు వినడు. పద్యంలో చెబితే వాడికి అర్థం కాదు. అర్థం కాకపోతే అడుగుతాడు, అడిగితే టీక చెప్పవచ్చు. ఇదీ ప్రయోజనం.

ఇక దేశం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆ తరవాత 111 ఏళ్ల పాటు దానికి సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడినప్పుడు నెల్లూరు వైపు నుంచి గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు వచ్చి కలిశాయి. వాటితోపాటు బంగాళాఖాతం కూడా ఒక ముక్క వచ్చింది. పైసా ఖర్చు లేకుండా, ఒక ప్రభుత్వ ఉత్తర్వు మీద సముద్రం సంపాదించిన ఊరు మా తిరుపతి. చిత్తూరుకు ఇప్పటికీ లేదు. అయితే వచ్చిన సముద్రంలో మునిగి చూడదగ్గ తేటనీరు తక్కువ. పులికాట్ సరస్సా, సగటు లోతు ఒక మీటరు అటూఇటూ. అందులో స్కూబా దిగినవాడికి ఫ్లెమింగోల కాళ్లు తప్ప మరేమీ కనపడవు. కనుక మావాళ్లు మునగాలంటే బస్సులో ఆరేడు గంటలు కూర్చుని పుదుచ్చేరి పోవాలి, లేదా రైల్లో ఒక రాత్రి గడిపి విశాఖ రుషికొండకు పోవాలి, లేదా మురుడేశ్వరం ఎదుటి నేత్రాణి దీవికో, చెన్నై మీదుగా విమానంలో అండమాన్‌కో పోవాలి.

సముద్రం లేకపోయినా మునగడంలో మా సీమకున్న పరువు ఏ తీరప్రాంతానికీ లేదు. నాగలాపురంలో వేదనారాయణస్వామి ఉన్నాడు. సోమకాసురుడు వేదాలు ఎత్తుకుపోయి సముద్రం అడుగున దాచితే మత్స్యరూపంలో దిగి తెచ్చిన స్వామి. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేర కట్టించిన ఆ గుడిలో, మార్చి నెలలో మూడు సాయంత్రాలు ఎండ గర్భాలయం దాకా వచ్చి మొదటి రోజు పాదాలను, రెండో రోజు నాభిని, మూడో రోజు శిరస్సును తాకుతుంది. పలమనేరు దగ్గర కూర్మాయిలో కూర్మ వరదరాజస్వామి ఉన్నాడు. తిరుమలలో పుష్కరిణి గట్టున ఆదివరాహస్వామి. ఆయన దర్శనం అయ్యాకే పెద్దస్వామి దగ్గరికి పోవడం ఆనవాయితీ. దశావతారాల్లో నీళ్లతో పని పడ్డ మూడూ ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే కొలువున్నాయి. నీళ్లే లేవు.

ఈ ముగ్గురిలో మత్స్యానికి మొప్పలు పుట్టుకతో వచ్చాయి. కూర్మానికి డిప్ప ఉంది, పైన మందరపర్వతం ఉంది కాబట్టి బరువుల బెల్టు అక్కర లేదు. మూడో ఆయన మాత్రం మనలాగే ముక్కుతో ఊపిరి తీసే రూపం ఎత్తి దిగాడు. ఏమీ కొన్నట్టు పురాణంలో లేదు. భారతంలో దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగు అడుగున కూర్చున్నాడు, వెంట ఉన్న సామాను ఒక్క గద. దేవుళ్లకూ రారాజులకూ ఇలా జరిగిపోయింది. జీతగాళ్లకు లెక్క కావాలి. అందుకని—

మూలం

తే.గీ. మొగముఁ బట్టెడు మాస్కును మొదటఁ గొనుము
కాలి రెక్కలు కుదిరినఁ గాని కొనకు
ఊపిరిచ్చెడు పరికర మొరులదైన
బాడుగకు నుండ నప్పుతోఁ బనియె నీకు

ప్రతిపదార్థం

మొగమున్ = ముఖాన్ని; పట్టెడు = పట్టీ బిగించకముందే కరుచుకొనే; మాస్కును = నీటి అద్దాన్ని; మొదటన్ = అన్నిటికంటె ముందు, జీతం పడిన వారంలోనే; కొనుము = సొంత డబ్బుతో తీసుకొనుము; కాలి రెక్కలు = ఫిన్సు అనబడే రబ్బరు పాదాలు; కుదిరినన్ గాని = మడమ జారకుండా, వేళ్లు నలగకుండా అమరితే తప్ప; కొనకు = కొట్టు మెట్టు దిగి వచ్చెయ్; ఊపిరి ఇచ్చెడు పరికరము = రెగ్యులేటరు, దానికి తోడుపోయే బీసీడీ అనే గాలి జాకెట్టు, సిలిండరు; ఒరులది ఐనన్ = పరాయివాళ్లదే అయినా; బాడుగకున్ ఉండన్ = అద్దెకు దొరుకుతుండగా; అప్పుతోన్ = నెలనెలా కోసుకుపోయే కంతులతో; పనియె నీకు = నీకేం పని?

ఛందోవిశేషం

ఇది తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి ఉంది, ప్రాస అక్కర లేదు. పొదుపు గురించిన పద్యానికి పొదుపైన ఛందస్సే తగినది. మొదట సీసం రాద్దామనుకున్నాను. సీసం రాస్తే దాని కింద తేటగీతో ఆటవెలదో తగిలించి తీరాలి. ఒకటి కొంటే దానికి తగిలేది మరొకటి కొనిపించే స్వభావం స్కూబా సామానుకు ఎలాగూ ఉంది, ఛందస్సులో కూడా ఎందుకని మానేశాను. పైగా డైవింగు బెల్టులో వేసుకునే బరువులు సీసంవే.

ఒక దోషం ఒప్పుకోవాలి. రెండో పాదం చివర 'కొనకు' అని ఉకారంతో ఆగి, మూడో పాదం 'ఊపిరి' అని అచ్చుతో మొదలైంది. ఇక్కడ సంధి జరగాలి, జరగలేదు. దీన్ని విసంధి అంటారు. స్కూబాలో మొట్టమొదట నేర్పే సూత్రం ఊపిరి బిగబట్టవద్దని. పది మీటర్ల లోతున రొమ్ము నిండా పీల్చిన గాలి, నీటి మట్టానికి వచ్చేసరికి రెండింతలవుతుంది. బిగబట్టుకుని పైకి లేస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. అంత ముఖ్యమైన చోట, సరిగ్గా 'ఊపిరి' అనే మాట ముందు, కవి ఊపిరి బిగబట్టాడు. మందలించవలసినదే.

ప్రథమపాద వ్యాఖ్య

పట్టెడు అన్న విశేషణం మీద పాదం అంతా నిలబడి ఉంది. మాస్కు కొనేటప్పుడు అద్దం రంగూ, పెట్టె మీది చేప బొమ్మా చూడకూడదు. పట్టీ వెనక్కి తీసి, మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా లోపలికి పీల్చి, చేతులు వదిలెయ్యాలి. పడిపోకుండా నిలిస్తే అది మీ మొగానిది. పడితే వేరేవారి మొగానిది, ఎంత ఖరీదైనదైనా సరే. ఎముక కట్టు మనిషికో తీరు కాబట్టి స్నేహితుడికి కుదిరిందన్న మాట ఇక్కడ ప్రమాణం కాదు. తెలియని కొట్టులో పనిచేసే కుర్రవాడి మాట అసలే కాదు. చూడకుండా తెప్పించుకోదగ్గ వస్తువు ఇది కానే కాదు. ధర సుమారు 3,000 నుంచి 6,000 దాకా. అంతకు మించిన ధరలో ఎక్కువ భాగం సోకు.

శంక: మీసం ఉన్నవాడి గతి ఏమిటి? ఇది రాయలసీమలో అడగక తప్పని ప్రశ్న. మాస్కు అంచున ఉండే మెత్తని సిలికాను పై పెదవి మీద ఆనాలి. మధ్యలో వెంట్రుకలు అడ్డం వస్తే వాటి సందులోంచి నీరు సన్నగా లోపలికి వస్తూ ఉంటుంది. మా మేనల్లుడికి అండమాన్‌లో ముక్కు దాకా ఉప్పునీరు చేరడానికి కారణం బాడుగ మాస్కు పాతబడటం కాదు, వాడు మూడేళ్లుగా సాకుతున్న మీసం. సమాధానం రెండు రకాలు. ఒకటి, ముక్కు కింద ఒక చిన్న గీత మేర గొరిగించుకోవడం లేదా సిలికాను గ్రీజు రాయడం. రెండోది, తిరుమల కల్యాణకట్ట. అక్కడ పని ఉచితం, పుణ్యం అదనం, మాస్కు అంచుకు అడ్డమేమీ మిగలదు. ఖరీదైన మాస్కు కొని మీసాన్ని కాపాడుకుందామనుకునేవారికి శాస్త్రం సహకరించదు.

కళ్లజోడు ఉన్నవారికి పవరు అద్దాలు బిగించే మాస్కులు వేరే ఉన్నాయి. వాటికి పెట్టిన డబ్బు దండగ కాదు, ఎందుకంటే చేపలను మసకగా చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. అయితే కొద్దిపాటి హ్రస్వదృష్టికి తొందరపడవద్దు. నీళ్లలో ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా, కాస్త దగ్గరగా కనపడుతుంది. మావాడు చూశానని చెప్పిన చేప పొడవులోంచి కూడా ఆ మేరకు తగ్గించుకున్నాను.

కొత్త మాస్కు లోపలి అద్దం మీద తయారీలో అంటిన సన్నని పొర ఉంటుంది. దాన్ని పళ్లపొడి కాని పేస్టు కాని వేసి వేలితో బాగా రుద్ది వదిలించాలి. వదిలించకపోతే ఎన్ని వేలు పోసినా నీటిలో పొగమంచు పట్టినట్టు ఉంటుంది. ఆ తరవాత ప్రతిసారీ దిగే ముందు లోపలి అద్దం మీద ఉమ్మి, పామి, నీళ్లతో తొలుపుకోవాలి. దీనికి సీసాల్లో పోసి అమ్మే ద్రవాలు ఉన్నాయి. ఉమ్మిలో ఏ లోపమూ లేదు.

ద్వితీయపాద వ్యాఖ్య

కాలి రెక్కలు రెండు జాతులు. పాదం మొత్తం తొడుక్కునేవి ఒకటి, మడమ తెరిచి ఉండి లోపల బూటు వేసుకునేవి ఒకటి. మన సముద్రాలు వెచ్చనివి, దిగేది పడవ మీంచి. కాబట్టి మొదటి రకం చాలు, ధర కూడా తక్కువ. బాడుగ రెక్కలు కుదరకపోతే పాదం ఒరుసుకుపోయి బొబ్బలెక్కుతుంది, పిక్క పట్టేస్తుంది. అందుకే రెండో స్థానం దీనికి.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 'గాని కొనకు' బదులు 'గాక కొనుము' అని ఉంది. ఆ ప్రతులన్నీ అమ్మేవాళ్ల దగ్గర దొరికినవి. గ్రాహ్యం కాదు.

తృతీయ చతుర్థపాద వ్యాఖ్య

అసలు తగాదా ఇక్కడ. రెగ్యులేటరు అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. సిలిండరులో గాలి 200 బార్ల ఒత్తిడితో కూరి ఉంటుంది. కారు టైరులో ఉండే ఒత్తిడికి అది 80, 90 రెట్లు. దాన్ని తిన్నగా నోట్లో పెట్టుకోలేం. సిలిండరు మెడకు తగిలించే మొదటి మెట్టు ఆ ఒత్తిడిని సుమారు పది బార్లకు దించుతుంది. నోట్లో ఉండే రెండో మెట్టు, ఆ లోతులో నీటి ఒత్తిడి ఎంత ఉందో అంతకు సరిపెట్టి, అడిగినప్పుడే అడిగినంతే ఇస్తుంది. పీల్చనప్పుడు ఇవ్వదు. పత్రికలవాళ్లు దీన్ని ఆక్సిజన్ సిలిండరు అని రాస్తుంటారు. అందులో ఉండేది మన వీధిలో ఉండే మామూలు గాలే, వడగట్టి ఎండబెట్టినది.

దీని పుట్టుక చెబితే మావాడి ఈఎంఐ మనసు కొంత మారుతుందేమోనని చెబుతున్నాను. 1943. ఫ్రాన్సు జర్మన్ల చేతుల్లో ఉంది, పెట్రోలు కరువు. కార్లను గ్యాసుతో నడపడానికి ఎమిల్ గాన్యా అనే ఇంజనీరు, అవసరమైనంతే గ్యాసు వదిలే వాల్వు ఒకటి తయారు చేసి పెట్టాడు. నౌకాదళ అధికారి జాక్ కూస్తో వచ్చి, నీళ్లలో పీల్చుకోవడానికి ఇలాంటిదే కావాలన్నాడు. కారు వాల్వును కాస్త మార్చి ఇద్దరూ కలిసి చేసినదే ఆక్వాలంగ్. అంటే ఈ వస్తువు కలిగినవాళ్ల ఇంట పుట్టలేదు. కరువులో, ఉన్నదాన్ని సర్దుకోవడంలో పుట్టింది. రాయలసీమవాడికి దాని జాతకం వివరించనక్కర లేదు.

పూర్వపక్షం (మేనల్లుడి మాట): "మామా, నోట్లో పెట్టుకునేది గదా. పరాయోళ్ల ఎంగిలి యెట్లా పెట్టుకునేది?"

ఇది బలమైన ఆక్షేపణ. కంచం అంచు తగిలితేనే చెయ్యి కడుక్కునే ఇంట్లో పెరిగినవాడు అడిగిన మాట, కొట్టిపారెయ్యరాదు. సిద్ధాంతం: నోట్లో ఉండేది రెగ్యులేటరు కాదు, దాని చివర ఒక సన్నని పట్టీతో బిగించిన సిలికాను ముక్క. ఆ ముక్క విడిగా అమ్ముతారు, వందల్లో అయిపోతుంది. జేబులో వేసుకుపోయి అక్కడి శిక్షకుడి చేత మార్పించుకుంటే ఎంగిలి సమస్య తీరుతుంది. కొన్ని వందలతో పోయేదానికి 50,000 పెట్టడం ఆచారం కాదు.

రెండో పూర్వపక్షం: "ప్రాణం మామా. ఇంకొకడి మిషను నమ్మి యెట్లా దిగేది?"

ఈ మాట వినగానే అక్క కూడా వాడి వైపు తిరిగింది. అందువల్ల కాస్త నిలబడి చెప్పాలి. రెగ్యులేటరును కాపాడేది యాజమాన్యం కాదు, వాడకం వెనక జరిగే సర్వీసు. లోపల రబ్బరు వలయాలు ఉంటాయి, ఉప్పు పేరుకునే సందులు ఉంటాయి. ఏడాదికోసారో, వంద మునకలకోసారో విప్పి, కడిగి, వలయాలు మార్చాలని తయారీదారులు చెబుతారు. మంచి డైవ్ కేంద్రంలో ఆ సామాను రోజూ నీళ్లలోకి పోతుంది, సాయంత్రం మంచినీళ్లలో నానుతుంది, పాడైతే ఆ రోజే తెలుస్తుంది. మావాడు కొన్నది బెంగళూరులో అలమరలో బట్టల కింద పది నెలలు పడి ఉంటుంది. విప్పడానికి ఆ కంపెనీ శిక్షణ పొందినవాడు కావాలి, అది బస్టాండు పక్కన చేయించుకునే రిపేరు కాదు. అలమరలో ఎండిన రబ్బరుకంటె రోజూ తడిసే రబ్బరు నమ్మదగినది. ఇది నా మతం.

అలాగని బాడుగ సామానును కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకోమనడం లేదు. నోట్లో పెట్టుకుని గట్టిగా నాలుగు ఊపిర్లు తీస్తూ ఒత్తిడి చూపే గడియారం వంక చూడాలి. ఊపిరికోసారి ముల్లు కిందికీ పైకీ ఊగితే సిలిండరు వాల్వు పూర్తిగా తెరవలేదని గుర్తు. గాలిలో నూనె వాసన వస్తే ఆ సిలిండరు వద్దని చెప్పాలి. అదనపు రెండో మెట్టు, అంటే పక్కవాడికి ఇచ్చేది, దాన్నీ పీల్చి చూడాలి. బీసీడీ ఉబ్బించి ఒక నిమిషం వదిలేసి చెవి పెట్టాలి. మా తరం మోటబావుల్లో ఈత నేర్చేటప్పుడు వీపుకు కట్టుకున్న ఎండు సొరబుర్ర పనినే బీసీడీ చేస్తుంది, కాకపోతే కావలసినప్పుడు గాలి ఎక్కించి దించుకోవచ్చు. సొరబుర్రకు చిల్లి ఉందో లేదో మేం కూడా చూసుకునే దూకేవాళ్లం. ఈ పరీక్షలన్నిటికీ అయిదు నిమిషాలు పడుతుంది, ఖర్చు సున్నా. మొగమాటపడి ఇవి చెయ్యనివాడికి సొంత సామాను ఉన్నా అంతే.

సిలిండరు సంగతి రెండు మాటల్లో పోనిస్తాను. కొనవద్దు. నింపిన సిలిండరును విమానం ఎక్కనివ్వరు. నియమిత కాలానికోసారి జలపీడన పరీక్ష చేయించాలి. ఊపిరికి పనికొచ్చే గాలి నింపే కంప్రెసరు వేరు, తిరుచానూరు రోడ్డులో లారీ టైర్లకు కొట్టే కంప్రెసరు వేరు.

ఇక లెక్క. మావాణ్నే అడిగాను, నిజం చెప్పమని. ఏడాదికి రెండు ప్రయాణాలు, ప్రయాణానికి నాలుగు మునకలు అన్నాడు, అదీ మేనేజరు సెలవిస్తే. అయిదేళ్లకు 40. సెట్టు 1,50,000. మునకకు 3,750 పడింది. ఏటేటా సర్వీసు ఖర్చు దీనికి అదనం, కంతుల మీది వడ్డీ అదనం. విమానంలో మామూలు దేశీయ టిక్కెట్టు మీద 15 కిలోలే అనుమతిస్తారు. సిలిండరు లేకుండానే సెట్టు దాదాపు అంత తూగుతుంది, అప్పుడు చొక్కాలు ఒంటి మీద వేసుకుపోవాలి. మన దేశంలో చాలా డైవ్ కేంద్రాల్లో మునక ధరలోనే సామాను బాడుగ కలిసి ఉంటుంది, సొంతది తెచ్చుకున్నందుకు తగ్గించేది స్వల్పం. అదే 4,000 పెట్టి కొన్న మాస్కును 40 మునకలకు పంచితే మునకకు 100. పద్యంలో మాస్కుకు ప్రథమస్థానం ఎందుకిచ్చారని ఇంక ఎవరూ అడగరు.

అప్పుతోన్ అన్న పదం దగ్గర మా ఊరివాడు ఆగక తప్పదు. నారాయణవనంలో ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్లాడటానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, కలియుగాంతం దాకా వడ్డీ కడుతున్నాడు. లోకమంతా వచ్చి హుండీలో వేస్తేనే అది వడ్డీకి సరిపోతోందని చెబుతారు. మావాడు ఈ కథను తనకు అనుకూలంగా తిప్పాడు: "సామే అప్పు చేసినాడు గదా మామా!" వ్యాఖ్యాత సమాధానం: ఆయన చేసింది పెళ్లికి. వరాహరూపంలో నీళ్లలో దిగినప్పుడు ఒక్క దమ్మిడీ అప్పు చేసినట్టు ఏ పురాణమూ చెప్పలేదు.

ధ్వని

వాచ్యార్థం సామాను ఖర్చు గురించి ఉన్నా, 'ఊపిరిచ్చెడు' అన్నచోట మరో ఖర్చు ధ్వనిస్తోంది. 11 లీటర్ల సిలిండరులో 200 బార్ల గాలి అంటే సుమారు 2,200 లీటర్లు. తొణకని మనిషి నిమిషానికి 20 లీటర్లు వాడతాడనుకుంటే, నీటి మట్టాన అది 110 నిమిషాలు వస్తుంది. పది మీటర్ల కింద ఒత్తిడి రెట్టింపు, అందుకని ప్రతి ఊపిరికీ రెండింతల గాలి పోతుంది. 55 నిమిషాలే. ఇరవై మీటర్ల దగ్గర మూడింతలు, 36 నిమిషాలు. ఇందులోనూ చివరి 50 బార్లు ముట్టుకోకుండా పైకి రావాలి. కంగారుపడేవాడికి, చేతులు ఊపుతూ చేపల వెంటపడేవాడికి సగం కాలమే మిగులుతుంది. నీళ్ల కింద నిజంగా ఖర్చయ్యేది ఇదే. దీన్ని పొదుపు చెయ్యడం ఏ కొట్టులోనూ అమ్మరు. దిగగా దిగగా వస్తుంది. లక్షన్నర సెట్టు తొడుక్కున్న కొత్తవాడు అరగంటలో పైకి తేలుతుంటే, చిరిగిన బాడుగ సూటులో పాతవాడు ఇంకా కిందనే రాయి పక్కన ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

అధ్యాహారం

పద్యంలో లేని రెండు మాటలు తెచ్చుకోవాలి. మొదటిది 'నేర్చి'. మావాడు అండమాన్‌లో చేసింది పరిచయపు మునక. శిక్షకుడు వీపు పట్టుకుని 12 మీటర్ల లోపు తిప్పి తెచ్చాడు. సొంతకాళ్ల మీద దిగాలంటే మూడు నాలుగు రోజుల చదువు ఉంది, 18 మీటర్ల దాకా అనుమతి ఇస్తారు. దానికి సుమారు 30,000. లక్షన్నరలో మొదట విరగ్గొట్టవలసిన నోటు ఇది. చదివే రోజుల్లో వాళ్ల సామానే రకరకాలు తొడిగి చూడవచ్చు. ఏది ఒంటికి పడుతుందో, ఏది పడదో అప్పుడే తెలుస్తుంది. చదవకముందే కొన్నవాడు తరవాత పాతసామాన్ల బేరం పెట్టడం తరచు చూసేదే.

రెండోది 'కంప్యూటరు'. చేతి గడియారంలా ఉంటుంది. ఎంత లోతు, ఎంతసేపు, ఒంట్లో ఎంత నత్రజని చేరింది, ఎప్పుడు లేవాలి, ఇదంతా చెబుతుంది. నిన్నటి మునక తాలూకు నత్రజని లెక్క అందులోనే ఉంటుంది కనుక ప్రయాణం అంతా ఒకే కంప్యూటరు ఉండటం మేలు. రోజుకొకటి బాడుగకు తీసుకుంటే అది కిందటి రోజు మరెవరి ఒంటి లెక్కనో మోస్తూ ఉంటుంది. మాస్కు, రెక్కలు అయ్యాక కొనదగినది ఇదే. 20,000 పైన అవుతుంది, అప్పు లేకుండా, చదువు పూర్తయ్యాక, వచ్చే ఏడాది. తేటగీతిలో పట్టలేదు. పట్టించాలంటే సీసం రాయాల్సి వచ్చేది.

తుది శంక

"మామా, పుదుచ్చేరిలో పొద్దున దిగి, సాయంత్రానికి తిరుమలకు పోయి, దర్శనం చేసుకుని రావచ్చా?"

ఈ ప్రశ్న పుదుచ్చేరివాళ్లకు రాదు, మాకే వస్తుంది. మునక తరవాత ఒంట్లో మిగిలిన నత్రజని మెల్లగా ఊపిరి ద్వారా పోవాలి. అంతలోపల గాలి ఒత్తిడి తక్కువగా ఉండే ఎత్తుకు పోతే అది నెత్తురులో బుడగలు కట్టి కీళ్లనొప్పి నుంచి పక్షవాతం దాకా తేవచ్చు. అందుకే వరసగా మునిగినవాళ్లను 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు. కొండకూ అదే జాగ్రత్త. తిరుమల రెండున్నర వేల అడుగులకు పైన ఉంది. నడిచి పోతానంటే అలిపిరి దారిలో 3,550 మెట్లు. మునిగిన వెంటనే అంత ఆయాసపడటం కూడా కూడదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఆ 18 గంటలు తేలిగ్గానే గడిచిపోతాయని మావాడి వాదం. గడుస్తాయి, కాదనను. కాని ఆ కాంప్లెక్సు కట్టింది కొండ పైన.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. బెంగళూరు తానే సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అంటే తిరుమలకు ఏమీ తీసిపోదు. పుదుచ్చేరిలో మునిగి రాత్రి బస్సుకు బెంగళూరు పోవడం కూడా కొండెక్కడమే. తిరుపతి ఊరు మాత్రం కిందనే ఉంది. కాబట్టి మునిగిన ప్రతిసారీ మావాడు తిరుపతిలో దిగి, ఒక రాత్రి పడుకుని, మర్నాడు మధ్యాహ్నం పైన గాని కదలకూడదు. ఈ మజిలీ ఖర్చు పద్యంలో చెప్పలేదు. అక్క భరిస్తానంది.